గ్రాఫ్ అనే మాట ఎక్కడ పుట్టింది

ఎన్నికల కాలంలో ఏ పత్రిక తెరిచినా ఎవరో ఒకరి గ్రాఫ్ పెరిగిందనో పడిపోయిందనో కనిపిస్తుంది. వరసగా రెండు సినిమాలు పోతే హీరో గ్రాఫ్ తగ్గిందంటాం. అక్కడ ఎవరూ గీత గీసి చూపరు. అయినా ఎడమ నుంచి కుడికి పాకుతూ పైకో కిందికో పోయే గీత ఒకటి అందరి మనసులోనూ మెదులుతుంది. హైస్కూల్లో గళ్ల కాగితం మీద రెండు అక్షాలు గీసి, చుక్కలు పెట్టి కలిపిన గీత అది. ఆ విద్యార్థే ఇంజినీరింగ్‌లో కంప్యూటర్ సైన్స్ తీసుకుంటే డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ క్లాసులో మరో గ్రాఫ్ ఎదురవుతుంది. దానికి అక్షాలుండవు, కొలతలుండవు. కొన్ని చుక్కలు, వాటిలో కొన్నిటిని కలిపే గీతలు, అంతే. ఈ రెంటికీ ఒకే పేరెందుకని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటుంది: మొదటిదే అసలు అర్థమనీ, రెండోది గణితవేత్తలు తర్వాతెప్పుడో తమ అవసరానికి మలుచుకున్నదనీ. ఆ మాట అచ్చులోకి ఎక్కిన క్రమం చూస్తే వరస తిరగబడుతుంది. చుక్కలూ గీతల గ్రాఫే వయసులో ఎనిమిదేళ్లు పెద్దది. గళ్ల కాగితం గ్రాఫ్ దానికి తమ్ముడు. ఈ వరసకు ఆ ఎనిమిదేళ్ల తేడాను మించిన విలువ ఉందని నా వాదన. మనుషులు వందల ఏళ్లుగా గీస్తున్న ఒక బొమ్మకు సొంత పేరు ఎప్పుడు అవసరపడుతుందో ఈ చరిత్రలో తెలుస్తుంది.

ముందుగా ఒక అభ్యంతరం. గ్రాఫ్ గ్రీకు మాట కదా, రెండున్నర వేల ఏళ్ల నాటిది కదా, దాని పుట్టుకను పంతొమ్మిదో శతాబ్దంలో వెతకడమేమిటి? ధాతువు పాతదే. గ్రీకులో గ్రాఫీన్ అంటే గీకడం, గీయడం, రాయడం. మూడు పనులకూ ఒకే క్రియ ఉండటం మనకు వింత కాదు. సంస్కృతంలో లిఖ్ ధాతువూ అంతే, మన వ్రాయు కూడా అంతే; చిత్రం వ్రాశాడన్న ప్రయోగం పాత తెలుగులో మామూలే. అయితే ధాతువు వయసు మాట వయసు కాదు. ఇంగ్లీషులో గ్రాఫ్ చాలాకాలం ఇతర మాటలకు తోకగానే బతికింది. 1790ల్లో టెలిగ్రాఫ్, 1839లో ఫొటోగ్రాఫ్, 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్. ఆ తోక ఒంటరిగా నిలబడి ఒక రకం బొమ్మకు పేరుగా మారడం మాత్రం 1878లో జరిగింది. చోటు, మనిషి, పత్రిక అన్నీ తెలిసిన పుట్టుక అది.

అప్పటికి అలాంటి బొమ్మలు లేకనా? పద్నాలుగో శతాబ్దంలోనే ఫ్రాన్సులో నికోల్ ఒరెమ్ అనే మతాధికారి, కాలంతోపాటు వేగం మారే తీరును చూపడానికి ఒక అడ్డగీత మీద నిలువు గీతలు నిలిపాడు. 1637లో దెకార్త్ బీజగణిత సమీకరణాన్ని వక్రరేఖతో ముడిపెట్టాడు. ఇక 1786లో స్కాట్లండ్‌వాడైన విలియం ప్లేఫేర్ అచ్చువేసిన కమర్షియల్ అండ్ పొలిటికల్ అట్లాస్ చూస్తే, నేటి పత్రికల బిజినెస్ పేజీకి అందులో లోటేమీ కనిపించదు. నలభై నాలుగు పటాలు. ఏటా ఇంగ్లండు ఏ దేశానికి ఎంత ఎగుమతి చేసింది, ఎంత దిగుమతి చేసుకుంది అన్నది రెండు రంగుల గీతలుగా నడుస్తుంది. ఆ గీతల నడుమ జాగాలో లాభనష్టాలు కంటికి కనబడతాయి. ఒక్క స్కాట్లండు వర్తకానికి మాత్రం ఏళ్ల తరబడి లెక్కలు చిక్కలేదు. ఉన్న ఒక్క ఏడాది అంకెలను దేశాలవారీగా కమ్మీలుగా గీశాడు. ఇవాళ మన పాఠ్యపుస్తకాల్లో కమ్మీ రేఖాచిత్రం అని చదువుకునేది అలా, అంకెల లేమి వల్ల పుట్టింది.

ఇంత చేసిన ప్లేఫేర్ తన బొమ్మలకు పెట్టిన పేర్లు గమనించదగ్గవి. చార్ట్ అన్నాడు. అది నావికుల మాట, సముద్రం మీద దారి చూపే పటం. ఇంకా వెనక్కి వెళితే పాపిరస్ రేకుకు గ్రీకులు వాడిన మాట. పుస్తకానికి అట్లాస్ అన్నాడు, లోపల ఒక్క దేశపటం కూడా లేదు. రెండూ భూగోళం నుంచి తెచ్చుకున్న అరువే. తన పద్ధతిని ఆయన వివరించిన తీరు కూడా అలాంటిదే. ఒక వర్తకుడు ఏ రోజు సంపాదన ఆ రోజు సాయంత్రం గినీ నాణేలతో ఒక దొంతరగా పేర్చాడనుకోమంటాడు. ఆ దొంతరల ఎత్తులే తన గీతలట. అంటే ఆయన దృష్టిలో బొమ్మ అసలు సరుకు కాదు, సరుకు వర్తకం. అంకెలు పట్టికలో ఎలాగూ ఉన్నాయి, బొమ్మ వాటిని తొందరగా బుర్రకెక్కిస్తుంది. దారి చూపే పటానికీ దీనికీ ఆయనకు తేడా కనిపించలేదు గనక పటం పేరే సరిపోయింది.

ఇక్కడ గట్టి ఎదురు వాదం ఒకటుంది. ప్లేఫేర్ సంగతి సరే, అతను కుర్రతనంలో నక్షాలు గీసే పనిలో చేరిన జేమ్స్ వాట్ కంపెనీలోనే, 1796లో జాన్ సదర్న్ అనే సహాయకుడు ఆవిరియంత్రానికి పెన్సిలూ కదిలే పలకా బిగించి, పిస్టన్ మీద ఒత్తిడి ఎలా మారుతోందో యంత్రం చేతే గీయించాడు. ఆ చుట్టుగీత లోపలి వైశాల్యం కొలిస్తే యంత్రం చేసిన పని ఎంతో తేలుతుంది. కంపెనీ ఏళ్ల తరబడి దాన్ని బయటికి పొక్కనివ్వలేదు. ఇది కేవలం కంటికి చూపే బొమ్మ కాదు, లెక్క కట్టే బొమ్మ; దానికీ గ్రాఫ్ అనే పేరు రాలేదు, డయాగ్రమ్ అనే అన్నారు. కాబట్టి బొమ్మ మీద లెక్క చేయగలగడంతోనే పేరు పుట్టిందని అంటే చెల్లదు. అది నిజమే. నా జవాబు ఏమిటంటే, అక్కడ కూడా పరిశీలిస్తున్నది యంత్రాన్ని. బొమ్మ యంత్రానికి నాడి. ఇలాంటి చోట బొమ్మ ఏ వృత్తి చేతిలో ఉంటే ఆ వృత్తి మాటే దానికి అంటుకుంటుంది. మన రైల్వేలో సెక్షన్ కంట్రోలర్ ఒకవైపు టైమూ మరోవైపు స్టేషన్లూ పెట్టుకుని ఒక్కో రైలుకూ ఒక్కో ఏటవాలు గీత గీసే పటం అక్షాలున్న గ్రాఫే అయినా, అక్కడివాళ్లకది కంట్రోల్ చార్టే. బొమ్మనే ఒక వస్తువుగా తీసుకుని, దాని లక్షణాలేమిటి, ఇలాంటివి ఇంకెన్ని ఉంటాయి అని అడగడం మొదలయ్యాక గానీ దానికి సొంత పేరు అక్కర్లేదు. ఆ ప్రశ్న ముందుగా పుట్టింది వర్తకంలో కాదు, యంత్రాల్లోనూ కాదు, రసాయనశాస్త్రంలో.

1860ల నాటికి రసాయనవేత్తలను ఒక చిక్కు వేధిస్తోంది. ఒకే మూలకాలు, ఒకే లెక్కలో ఉన్నా, పదార్థాలు వేరువేరుగా ఉంటున్నాయి. మన వంటగ్యాస్‌లో ఉండే బ్యూటేన్‌నే తీసుకుందాం. నాలుగు కార్బన్లు, పది హైడ్రోజన్లు. కార్బన్‌కు నాలుగు చేతులు, హైడ్రోజన్‌కు ఒక్కటి. నాలుగు కార్బన్లనూ వరసగా నిలబెట్టి చేతులు కలిపితే చివరివాటికి మూడేసి, నడిమివాటికి రెండేసి చేతులు మిగులుతాయి. పది హైడ్రోజన్లూ సరిపోతాయి. ఇప్పుడు ఒక కార్బన్‌ను మధ్యలో పెట్టి మిగతా మూడింటినీ దాని చుట్టూ తగిలిస్తే, బయటివాటికి మూడేసి చొప్పున తొమ్మిది, మధ్యదానికి ఒకటి. మళ్లీ పదే. సూత్రం ఒక్కటే, కూర్పు రెండు. అందుకే మొదటిది సున్నా డిగ్రీల సెల్సియస్‌కు కొద్దిగా కింద మరిగితే, రెండోది దాదాపు మైనస్ 12 దగ్గరే మరుగుతుంది. సీ4హెచ్10 అని అక్షరాల్లో రాసినంతకాలం ఈ తేడా కనబడదు. గీస్తేనే కనబడుతుంది.

ఆ గీసే పద్ధతిని స్థిరపరిచినవాళ్లలో ఎడిన్‌బరోకు చెందిన అలెగ్జాండర్ క్రమ్ బ్రౌన్ ముఖ్యుడు. 1864లో అచ్చయిన వ్యాసంలో ఆయన ఒక్కో పరమాణువు అక్షరం చుట్టూ సున్నా చుట్టి, సున్నాలను గీతలతో కలిపాడు. దానికి జోడించిన హెచ్చరికలోనే నా వాదన మొత్తం ఉంది: ఈ బొమ్మలో పరమాణువులు ఉన్న స్థానాలు వాటి భౌతిక స్థానాలు కావు, ఏది దేనితో కలిసిందన్న రసాయన సంబంధాన్నే చూడమన్నాడు. గీత పొడుగైనా పొట్టైనా, వంకరైనా తిన్ననైనా అర్థం మారదు. ప్లేఫేర్ గీతలో ఎత్తుకు అర్థం ఉంది, వాట్ గీతలో వైశాల్యానికి అర్థం ఉంది, నావికుడి పటంలో దూరానికి అర్థం ఉంది. ఇక్కడ ఇవేవీ లేవు. మిగిలింది కలయిక ఒక్కటే. లోకంలోని ఏ ఆకారంతోనూ పోలిక పెట్టుకోని బొమ్మ ఇది. అందుకే దాన్ని దానిగా చదవక తప్పదు. 1866లో లండన్‌లో ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లండ్ తన పాఠాల పుస్తకంలో ఈ పద్ధతినే తీసుకోవడంతో అది విద్యార్థులందరికీ అలవాటైంది. దానికి పెట్టిన పేరు గ్రాఫిక్ నొటేషన్, అంటే గీసి చూపే సంకేతం. మన నామవాచకానికి తల్లి ఆ విశేషణమే. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1865లో, హాఫ్‌మన్ అనే రసాయనవేత్త లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో క్రోకే ఆట బంతులకు పుల్లలు గుచ్చి అణువులను చేసి చూపించాడు. కార్బన్‌కు నలుపు, ఆక్సిజన్‌కు ఎరుపు అని నేటికీ స్కూలు ల్యాబుల్లో నడిచే రంగులు ఆయన పెట్టినవే. చూడ్డానికి ఆ బంతులు ఎంత ఇంపుగా ఉన్నా, ముందుకు నడిపించింది కాగితం మీది గీతలే.

ఎందుకంటే గీతలను లెక్కపెట్టవచ్చు. బ్యూటేన్‌కు కూర్పులు రెండైతే ఐదు కార్బన్ల పెంటేన్‌కు మూడు, ఆరింటికి ఐదు, ఏడింటికి తొమ్మిది, పదికి వచ్చేసరికి డెబ్భై ఐదు. ఇవన్నీ ప్రయోగశాలలో తయారుచేసి చూసే పని కాదు. 1857లోనే కొమ్మలుగా చీలే బొమ్మలకు ట్రీ అని పేరుపెట్టి లెక్కపెట్టడం మొదలెట్టిన గణితవేత్త ఆర్థర్ కేలీ, 1874లో ఆ లెక్కను నేరుగా ఈ అణువుల మీద ప్రయోగించాడు. ఎవరూ ఇంకా సీసాలో చూడని పదార్థాలు ఎన్ని ఉండగలవో బొమ్మలు చెప్పసాగాయి. బొమ్మ ఇక దేనికో ఉపకరణంగా ఆగిపోలేదు. తానే పరిశోధనకు విషయమైంది.

కేలీకి ఆప్తమిత్రుడు జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్. యూదుడు కావడం వల్ల ఇంగ్లండు చర్చి నియమాలకు సంతకం పెట్టలేక, 1837లో కేంబ్రిడ్జి పరీక్షలో రెండో స్థానం తెచ్చుకున్నా పట్టా అందుకోలేకపోయినవాడు. అది చేతికొచ్చేసరికి 1872. మ్యాట్రిక్స్, డిస్క్రిమినెంట్ అన్న పేర్లు గణితానికి ఇచ్చింది ఆయనే. కొత్త వస్తువు కనబడితే పేరు పెట్టకుండా ఉండలేడు. 1876లో అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చేరాక, రసాయనవేత్తలూ భౌతికశాస్త్రజ్ఞులూ జీవశాస్త్రజ్ఞులూ కలిసి కూర్చునే సభలో తన బీజగణితం గురించి మాట్లాడాల్సి వచ్చింది. వాళ్లకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలా అని ఒక రాత్రి పక్క మీద మేలుకుని ఆలోచిస్తుండగా అణువుల బొమ్మ ఒకటి మనసులో మెరిసిందని ఆయనే రాసుకున్నాడు. పరమాణువుకు ఇన్ని చేతులని ఉన్నట్టే బీజగణిత రూపానికీ ఇంత ఘాతమని ఉంటుంది. అణువులో చేతులు కలిసినట్టే రూపాలూ కలిసి, అక్షరాలు మార్చినా మారని కొత్త రాశులు ఏర్పడతాయి. ఆ పోలికను 1878 ఫిబ్రవరి 7న నేచర్ పత్రికలో వచ్చిన కెమిస్ట్రీ అండ్ ఆల్జీబ్రా అన్న చిన్న వ్యాసంలో పెట్టాడు. అణువుల బొమ్మకు కెమికోగ్రాఫ్ అన్నాడు. రెండు శాస్త్రాలకూ ఉమ్మడిగా మిగిలిన ఆకారానికి ముందు తగిలించిన రసాయనాన్ని తీసేసి గ్రాఫ్ అన్నాడు. ఈ విడదీయడమే నాకు అన్నిటికంటే విలువైన సాక్ష్యంగా కనిపిస్తుంది. ఆ ఆకారం అణువుదీ కాదు, సమీకరణానిదీ కాదు, రెండింటికీ చెందుతుంది గనక దానికి తన పేరు కావాల్సి వచ్చింది.

సిల్వెస్టర్ పోలిక నిలవలేదు, రసాయనవేత్తలకు ఆ బీజగణితంతో పనిపడలేదు, కాబట్టి ఈ పుట్టుకకు ప్రాధాన్యం లేదని అనేవారున్నారు. పోలిక పోయినా మాట పోలేదు. ఆ బీజగణిత సమస్యల వెంటే నడిచిన డెన్మార్క్ గణితవేత్త యూలియుస్ పీటర్సన్ 1891లో రాసిన జర్మన్ వ్యాసం శీర్షికలో గ్రాఫ్స్ అన్న ఇంగ్లీషు బహువచనమే ఉంది. జర్మన్‌లో ఆ వస్తువుకింకా పేరు లేదు. అక్కడి నుంచి 1936లో బుడాపెస్ట్‌కు చెందిన దేనెష్ కోనిగ్ లైప్‌జిగ్‌లో అచ్చువేసిన మొదటి పూర్తి గ్రంథం దాకా దారి తెగకుండా ఉంది. ఒక చుక్క దగ్గర ఎన్ని గీతలు కలుస్తాయో చెప్పడానికి గ్రాఫ్ సిద్ధాంతం పుస్తకాలు కొన్ని ఇప్పటికీ వేలెన్సీ అనే అంటాయి, రసాయనశాస్త్రంలో పరమాణువు చేతులకు వాడే మాటే. పుట్టిన ఊరి యాస అలా మిగిలింది.

మరి ఆయిలర్? కోనిగ్స్‌బర్గ్ ఏడు వంతెనల సమస్యను ఆయన 1735లోనే పరిష్కరించాడనీ, గ్రాఫ్ సిద్ధాంతానికి ఆయనే ఆద్యుడనీ ప్రతి పాఠ్యపుస్తకమూ చెబుతుంది. తర్కం ఆయనదే, సందేహం లేదు. కానీ ఆ వ్యాసంలో ఉన్నవి నదీ, దీవీ, వంతెనలూ ఉన్న పటాలు, భూభాగాలకు పెద్దక్షరాలు, వంతెనలకు చిన్నక్షరాలు. నాలుగు చుక్కలు, ఏడు గీతలుగా మనకు చూపించే ప్రసిద్ధమైన బొమ్మ అందులో లేదు. అది అచ్చులో కనిపించింది 1892లో, గణిత వినోదాల మీద రౌజ్ బాల్ రాసిన పుస్తకంలో. ఆయిలర్‌కూ ఆ బొమ్మకూ మధ్య ఒకటిన్నర శతాబ్దం దూరం. ఆ వ్యవధిలోనే రసాయనశాస్త్రం చుక్కలనూ గీతలనూ చూసే కంటిని తయారుచేసింది. వంతెనల సమస్యను గ్రాఫ్‌గా చూడటం వెనక్కి తిరిగి చూసినవాళ్లు చేసిన పని.

ఇక తమ్ముడి సంగతి. 1886లో ఎడిన్‌బరో గణితాచార్యుడు జార్జ్ క్రిస్టల్ తన ఆల్జీబ్రా మొదటి సంపుటంలో, ప్రమేయం గీసే వక్రరేఖకు గ్రాఫ్ అనే పేరు వాడాడు. అదే విశ్వవిద్యాలయంలో క్రమ్ బ్రౌన్ రసాయనశాస్త్రం చెబుతున్నాడు. క్రిస్టల్ ఈ మాటను సిల్వెస్టర్ దగ్గర తీసుకోలేదు, గ్రాఫికల్ పద్ధతి అన్న మాటను తానే కుదించాడు, కాబట్టి రెండు గ్రాఫ్‌లూ పేరు కలిసిన పరాయివాళ్లే అని ఒక వాదం. ఫ్రాన్సులో మరే అనే శరీరశాస్త్రవేత్త గ్రాఫిక్ పద్ధతి మీద పెద్ద పుస్తకం వేసింది కూడా 1878లోనే గనక ఆ విశేషణం అప్పట్లో గాలిలో ఉన్నమాట నిజం. అలాగే అనుకున్నా నా వాదనకు నష్టం లేదు. ఏ దారిన వచ్చినా క్రిస్టల్ ఆ పేరు పెట్టింది వర్తకం గీతకో ఆవిరియంత్రం గీతకో కాదు, ప్రమేయం గీతకు. ప్రమేయం ఎక్కడ సున్నా అవుతుంది, ఎక్కడ తిరగబడుతుంది, ఎక్కడ తెగుతుంది అన్నవి గీత లక్షణాలుగానే చదవాలి. ఇక్కడా బొమ్మే విషయం. నూరేళ్లు చార్టుగా ఉన్న గీత, గణితం దాన్ని తన వస్తువుగా చేసుకున్న రోజునే గ్రాఫ్ అయింది.

తమ్ముడు అన్నను మించిపోవడానికి కారణం బడి. 1901లో గ్లాస్గోలో బ్రిటిష్ అసోసియేషన్ సభలో జాన్ పెర్రీ అనే ఇంజినీరింగ్ ఆచార్యుడు, యూక్లిడ్ వల్లెవేత మాని పిల్లల చేతికి గళ్ల కాగితం ఇవ్వమని పోరాడాడు. ఆ మాట వేగంగా పాకింది. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచి తెలుగు విద్యార్థులకు బీజగణితం పాఠ్యపుస్తకంతో హాల్ అండ్ నైట్‌గా పరిచయమైన జంటలో హాల్, మరుసటి ఏడాదే గ్రాఫుల బీజగణితం మీద విడిగా చిన్న పుస్తకం వేశాడు. పరీక్షల్లో ప్రశ్న వచ్చింది, గళ్ల కాగితం దుకాణాల్లోకి వచ్చింది, మాట ఇళ్లలోకి వచ్చింది. చుక్కల గ్రాఫ్ అప్పటికి కొద్దిమంది గణితవేత్తల మధ్యే ఉంది. కంప్యూటర్లు వచ్చాక గానీ అది మళ్లీ జనం మధ్యకు రాలేదు. ఫోన్‌లో విజయవాడ నుంచి వరంగల్‌కు దారి అడిగితే లోపల నడిచేది కూడళ్లు చుక్కలుగా, రోడ్లు గీతలుగా ఉన్న గ్రాఫే. 2012లో గూగుల్ తన సమాచార భాండాగారానికి నాలెడ్జ్ గ్రాఫ్ అని పేరు పెట్టినప్పుడు తీసుకున్న అర్థమూ చుక్కల గ్రాఫ్‌దే.

తెలుగు పాఠ్యపుస్తకాలు ఈ తేడాను తమకు తెలియకుండానే పట్టి ఇస్తున్నాయి. కమ్మీ రేఖాచిత్రం, సోపాన రేఖాచిత్రం, వృత్తరేఖాచిత్రం అంటూ ప్లేఫేర్ కుటుంబం మొత్తానికీ రేఖాచిత్రం అన్న ఒక్క మాట చక్కగా అమరింది. సమీకరణం గీతకు కూడా ఇబ్బంది లేకుండా నడిచింది, ఎందుకంటే వీటన్నిటిలో రేఖ ఎక్కడ ఉందన్నదానికి అర్థం ఉంది. చుక్కల గ్రాఫ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తెలుగులో రాసేవాళ్లు గ్రాఫ్ సిద్ధాంతం అనే అంటారు. అక్కడ రేఖ ఎలా ఉన్నా ఒకటే, చిత్రం అసలు గీయకపోయినా ఒకటే. ఏ చుక్క దేనితో కలిసిందో ఒక పట్టికలో రాసి కంప్యూటర్‌కు ఇచ్చినా గ్రాఫ్ గ్రాఫే.